ఎర్రగడ్డం రెండో డిస్కు

పోయిన ఆదివారం మా ఇంట్లో అన్నం మాడింది. మాడినందుకు మా ఆయన నన్ను అన్నాడు, నేను మా అమ్మాయిని అన్నాను, అమ్మాయి తప్పంతా ఫోన్ మీదికి నెట్టింది. నిజానికి అనాల్సింది ఎర్రగడ్డాన్ని. చర్చి నుంచి వచ్చి, ఎసట్లో బియ్యం పోసి ఇటు తిరిగానో లేదో, మంచం మీద బోర్లా పడుకున్న అమ్మాయి ఫోన్‌లోంచి, నూనెలో ఆవాలు చిటపటలాడినట్టు ఒక గొంతు గబగబా అరవడం వినిపించింది. ఒక్క ముక్క అర్థం కాని ఆ అరుపు నాకు ఎంత బాగా తెలుసంటే, చేతిలో గరిటె అట్లాగే పట్టుకుని పరిగెత్తాను. జపాను కుస్తీ! పసుపు లాగు, ఛాతీ దాకా ఎర్రటి గడ్డం, తలుపు గడప దాటేటప్పుడు వంగినట్టు ఎప్పుడూ కాస్త ముందుకు వంగి నడిచే ఆ నడక. ఇరవై ఏళ్ళ తర్వాత మా ఎర్రగడ్డం కూసుమంచిలో మా మంచం మీద ప్రత్యక్షమయ్యాడు.

"ఇదంతా ఉత్తుత్తిదే మమ్మీ, ముందే అనుకొని కొట్టుకుంటరు" అంది మా అమ్మాయి. ఈ కాలం పిల్లలకు అన్నీ ముందే తెలుసు, అదే వీళ్ళకు పట్టిన రోగం. నేను ఫోన్ లాక్కుని, అదే మనిషిది ఫలానా కుస్తీ మొత్తం ఎక్కడుందో వెతికించి, గంటసేపు కదలకుండా చూశాను. ఎవరు గెలిచారో మీకు ఇప్పుడే చెప్పను. నేను ఇరవై ఏళ్ళు ఆగాను, మీరు కాసేపు ఆగలేరా?

నా ఈడు వాళ్ళకు వీసీడీల సంగతి చెప్పక్కర్లేదు. దేనికైనా రెండు డిస్కులు. మొదటిది సరిగ్గా రసపట్టులో అయిపోయేది, లేచి రెండోది పెట్టాలి, ఆ రెండోదానికి ఎప్పుడూ గీతలు పడే ఉండేవి. భద్రాచలం దారిలో అడవిని ఆనుకున్న మా ఊరికి కేబుల్ తెచ్చింది మా అన్నయ్య. డాబా మీద పెద్ద గొడుగులాంటి డిష్, ముందుగది నిండా డబ్బాలు, అక్కడి నుంచి చెట్టు చెట్టుకూ కట్టుకుంటూ పోయిన వైరు. కోతులు ఊగితే సగం ఊరికి బొమ్మ పోయేది. ఆదివారం మధ్యాహ్నం తనే ఏదో ఒక డిస్కు పెట్టి ఊరంతటికీ చూపించేవాడు. అట్లా ఒకసారి, ఖమ్మంలో ఎవరో వదిలించుకుందామని చూస్తున్న డిస్కుల కట్టను అమెరికా కుస్తీలని నమ్మి మోసుకొచ్చాడు. తీరా పెట్టి చూస్తే అన్నీ జపాను అక్షరాలు. మోసపోయానని ఒప్పుకుంటే మా అన్నయ్య ఎందుకవుతాడు! "ఇవే అసలు కుస్తీలు, అమెరికావి వీటి ముందట బేకార్" అన్నాడు. పైగా మైకు పట్టుకుని, జపాను భాష తనకేదో ఉగ్గుపాలతో పట్టినట్టు, వాళ్ళు అనేదంతా తెలుగులో చెప్పడం మొదలుపెట్టాడు. సరిగ్గా ఒకడు తాడెక్కి దూకబోతుంటే, "రేపు బడి కాడ పోలియో చుక్కలు, చిన్న పిల్లలను జల్దీ తోలుకరాండ్రి" అని అడ్డం పడేవాడు. దూకినవాడు కింద పడేదాకా అయినా ఆగొద్దా మనిషి?

ఆ కుస్తీల్లో జపాను వాళ్ళ మీద మాకు మనసు పోలేదు. మా ప్రాణమంతా బయటి దేశాల నుంచి అక్కడికి వచ్చి కొట్టుకునేవాళ్ళ మీదే. పేర్లు తెలియవు కాబట్టి మేమే పెట్టుకున్నాం. ముసుగు వేసుకుని తాడు మీద నుంచి తాడు మీదికి ఉరికే సన్నటివాడు ఉడత. నిలబడితే రింగులో సగం తనే కనిపించేవాడు గాదె. భుజాల చుట్టూ కంబళి కప్పుకుని వచ్చే పొడుగాయన దుప్పటి మామ. ఆయన్ను చూసినప్పుడల్లా నానమ్మ, "వీనికి చలిజ్వరం ఉన్నట్టుంది, గీ జ్వరం మీద కుస్తీ ఏందిరా" అని అల్లాడిపోయేది, వానాకాలం వస్తే మా వైపు ఇంటికొకరు అట్లాగే కప్పుకుని కూర్చునేవాళ్ళు మరి. నాకు మాత్రం ఎర్రగడ్డం. కొట్టేటప్పుడు బాగానే కొట్టేవాడు గానీ, అయిపోయాక జపాను వాళ్ళలాగా నడుం వంచి దండం పెట్టబోయి, ఎంత వంగాలో తెలియక, కింద పడిన సూది వెతుక్కునేవాడిలా వంగి ఉండిపోయేవాడు. జనం నవ్వేవాళ్ళు. అతని పేరు పిలవగానే వాళ్ళు రంగు కాగితం చుట్టలు విసిరితే, మేమూ క్రిస్మస్‌కు చర్చిలో కట్టడానికి దాచిన రంగు కాగితాలు తెచ్చి టీవీ మీదికి విసిరి, సిస్టర్ గారి చేత చీవాట్లు తిన్నాం.

నానమ్మది వేరే వాదం. అంత దూరం నుంచి విమానమెక్కి వచ్చినవాడు చుట్టం, చుట్టాన్ని ఇంటికి పిలిచి తంతారా అని ప్రతి ఆదివారం జపాను వాళ్ళను తిట్టిపోసేది. "చుట్టపోడు ఓడిపోయి పోతే ఆ ఊరికే ఇజ్జత్ తక్కువ" అనేది. ఇది ఆట నానమ్మా అంటే, ఆట అయితే నవ్వాలి గదా, వాడెందుకు మూలుగుతున్నాడు అనేది. ఆమె పక్కన కూర్చుని కుస్తీ చూడటం కంటే కుస్తీ పట్టడమే తేలిక.

ఆ ఏడాదే వదిన మా ఇంటికి వచ్చింది, ఎర్రుపాలెం నుంచి. వాళ్ళది ఆంధ్ర అంచు. మేం వచ్చిండు అంటే ఆమె వచ్చాడు అనేది, మేం ఏంది అంటే ఆమె ఏంటండీ అనేది. నీళ్ళ దగ్గర ఆడవాళ్ళు ఆమె మాటను ఆమె ముందే సాగదీసి అని నవ్వుకునేవాళ్ళు. అప్పుడు నేను ఏడో తరగతి. నా జడ, నా లెక్కలు, నా ఎర్రగడ్డం ముచ్చట్లు అన్నీ వదినకే. ఆమెకూ అతనంటేనే ఇష్టం. "ఇక్కడి పద్ధతులు ఆయనకి రావు అమ్మాయ్, అయినా నేర్చుకుందామని చూస్తున్నాడు చూడు, పాపం" అనేది. ఆ మాట ఒక్క అతని గురించే కాదని అప్పుడు నాకు తట్టలేదు. లెక్కలే రాని బుర్రకు ఇవెక్కడ తడతాయి!

ఇంతలో వదినకు భద్రాచలంలో నర్సు ట్రైనింగ్ సీటు వచ్చిందని కాగితం వచ్చింది. పెళ్ళికి ముందు పెట్టుకున్న దరఖాస్తు అది. హాస్టల్లో ఉండి చదవాలి, పదిహేను రోజుల్లో చేరకపోతే సీటు వేరే వాళ్ళకు పోతుంది. ఇంట్లో పెద్ద తల నానమ్మ; ఆమె సరే అంటే తప్ప అమ్మా నాన్నా నోరు విప్పరు, అన్నయ్య సంగతి సరేసరి, ఊరంతటికీ మైకులో చెప్పేవాడికి ఇంట్లో గొంతే పెగలదు. "కొత్త కోడలు పోయి హాస్టల్ల ఉంటే, మనమే ఎల్లగొట్టినమంటరు నలుగురు" అని నానమ్మ పట్టు. వదిన రోజూ అడిగేది, గొంతు పెంచకుండా, మానకుండా. చివరికి ఆదివారం పొద్దున చర్చికి బయల్దేరుతుంటే నానమ్మకు విసుగొచ్చింది. "ఇయ్యాల మీ ఎర్రగడ్డపోనిది పెద్ద కుస్తీ అంటిరి గద. వాడు గెలిస్తే పో, ఓడితే ఉండు. మళ్ళ నన్నడగొద్దు" అన్నది. వదిన నవ్వింది గానీ, అంట్లు తోముతున్న చేతులు మాత్రం ఆగిపోవడం నేను చూశాను.

ఇక నా అవస్థ చూడండి. నాకు ఎర్రగడ్డం గెలవాలి. వదిన మాత్రం పోకూడదు. చర్చిలో పూజంతా మోకాళ్ళ మీద ఉండి ఒకసారి గెలిపించమనీ, మళ్ళీ వెంటనే వద్దనీ వేడుకున్నాను. దేవుడు కూడా నాతో విసిగిపోయి ఉంటాడు.

మధ్యాహ్నం కుస్తీ మొదలైంది. అది జపానులో పెద్ద బెల్టు కోసం, అక్కడి అందరికంటే మొనగాడితో. అరగంటసేపు వీడు వాడిని, వాడు వీడిని విసిరి కొట్టుకుని, ఇద్దరూ వెల్లకిలా పడి ఉండగా మొదటి డిస్కు అయిపోయింది. అన్నయ్య డిస్కుల డబ్బా తెరిచాడు. రెండో డిస్కు ఉండాల్సిన చోటు ఖాళీ.

అన్నయ్య నన్నన్నాడు, నేను అన్నయ్యనన్నాను, అమ్మ ఇద్దర్నీ అన్నది. డబ్బాలన్నీ బోర్లించాం, పరుపులెత్తాం, బియ్యం డ్రమ్ములో కూడా చెయ్యి పెట్టాం. నేనే ముందు చూశాను: ముందుగది గోడ మీద అరచేతంత వెలుగు ముక్క ఒకటి అటూ ఇటూ ఆడుతోంది. ఎక్కడి నుంచా అని వాకిట్లోకి వస్తే, మా జామచెట్టు కొమ్మకు పురికొసతో వేలాడుతూ, ఎండకు తళతళా మెరుస్తూ, ఎర్రగడ్డం.

"ఏంది గట్ల జూస్తరు? రెండిటి మీద గదే బొమ్మ, గదే గడ్డం. జోడు పంపిండ్రనుకున్న. ఒకటి మనకు, ఒకటి చిలకలకు" అన్నది నానమ్మ. జామకాయలు చిలకలు కొట్టకుండా అప్పటికి వారం కిందటే కట్టిందట!

"వారం నుంచా? ఎండల, వానలనా?" అని అన్నయ్య నెత్తి పట్టుకున్నాడు. "నానమ్మా, ఆ పిల్ల చదువు దానిమీద ఉంది గదనే!"

"నాకేం తెల్సురా, కుస్తీ కూడా కిస్తీలల్ల వస్తదని?"

ఇదంతా ఒక ఎత్తు, అన్నయ్య మైకు ఆపడం మరిచిపోవడం ఒక ఎత్తు. నీలం తెర ముందు కూర్చున్న ఊరంతా మా ఇంటి గొడవ, పందెంతో సహా, అక్షరం పొల్లు పోకుండా వింది.

డిస్కును కొబ్బరినూనెతో తుడిచాం, టూత్‌పేస్టు పెట్టి రుద్దాం, నాన్న పంచె అంచుతో మెరుగు పెట్టాం. పెట్టగానే గిర్రున తిరిగి, పది లెక్కపెట్టేంతసేపు ఆడింది. ఎర్రగడ్డం లేచాడు, జపాను మొనగాడిని నడుం పట్టి తలకిందులుగా నెత్తి మీదికి ఎత్తాడు, అంతే. బొమ్మ గళ్ళు గళ్ళుగా పగిలి నిలిచిపోయింది. తీసి పెట్టినా అదే, కొట్టి పెట్టినా అదే. ఎత్తినవాడు ఎత్తినట్టే ఉన్నాడు. ఎత్తిండంటే గెలిచినట్టే అని అన్నయ్య, ఎత్తినోడు బోర్ల పడ్డది ఎన్నిసార్లు చూడలేదు అని నానమ్మ. వదిన లోపలికి వెళ్ళి, సీటు కాగితాన్ని మడత పెట్టి చీరల అడుగున పెట్టింది. అది చూశాక వదిన పోకూడదన్న నా కోరిక మీద నాకే కోపం వచ్చింది. ఆ సాయంత్రం ఆమె నా జడ వేస్తుంటే, మామూలుగా లాగి కట్టే చెయ్యి ఎంత మెత్తగా కట్టిందంటే, తెల్లారి బడికి పోయేలోపే ఊడిపోయింది.

మర్నాటి నుంచి నానమ్మ పాట్లు మొదలయ్యాయి. నీళ్ళకు పోతే, "అవ్వా, రెండో డిస్కు చిలకలు జూసినయట గద, ఎవరు గెలిచిండ్రో అవిటినే అడగరాదు" అని ఒకామె. దుకాణానికి పోతే, కోడలి చదువును చెట్టుకు ఉరేసినవట అని ఇంకొకరు. వదిన మాటను సాగదీసి నవ్విన ఆడవాళ్ళే ఇప్పుడు ఆమె వైపు తిరిగారు. ప్రార్థనకు వచ్చిన సిస్టర్ గారు కూడా నవ్వు ఆపుకుంటూ అడిగేసరికి, గురువారం నాడు నానమ్మ గడప మీద కూలబడింది.

"గెలిచిండు! నేను చెప్తున్న, ఎర్రగడ్డపోడు గెలిచిండు! అంత దూరంకెళ్ళి వచ్చిన చుట్టపోన్ని ఉత్త చేతులతోని ఎవరన్న తోలుతరా? పో బిడ్డా, జల్దీ సామాన్ సర్దుకో. ఇగ నన్నిడిసిపెట్టుండ్రి అందరు!"

శనివారం వదిన బస్సెక్కింది. నానమ్మ మామిడికాయ తొక్కు సీసా ఆమె ఒళ్ళో పెట్టి, హాస్టల్ పప్పులో ఉప్పు ఉండదని ఎవరో చెప్పారని, విడిగా ఉప్పు పొట్లం కూడా ఇచ్చింది. నేను వెక్కి వెక్కి ఏడుస్తుంటే, "గెలిచినోని తరఫున ఏడుస్తరా పిల్లా" అని నెత్తి మీద ఒకటి వేసింది. డిస్కును మళ్ళీ జామచెట్టుకే కట్టింది. చిలకలు దానికి ఎప్పుడో అలవాటు పడ్డాయి, దాంట్లో ముఖం చూసుకుంటూ కాయలు తినేవి.

పోయిన ఆదివారం ఆ రెండో అరగంట కూడా చూశాను. వీడియో పైన ఫలితం రాసి ఉంటుందని భయపడి, బొటనవేలు అడ్డం పెట్టుకుని మరీ చూశాను. ఎత్తినవాడు విసిరాడు, పడినవాడు లేచాడు, మళ్ళీ వాడు, మళ్ళీ వీడు, ఇద్దరికీ నిలబడే ఓపిక లేదు, ఒకరి మీద ఒకరు వాలి కొట్టుకుంటున్నారు, వంటింట్లోంచి మాడు వాసన వస్తోంది, అప్పుడు గంట కొట్టారు. సమయం అయిపోయిందట. డ్రా! ఇరవై ఏళ్ళు నేను గెలిచాడా ఓడాడా అని కొట్టుకున్నది దీనికోసమా? ఎవరూ గెలవలేదు. ఇద్దరి చేతులూ పట్టుకుని పైకెత్తారు, ఎర్రగడ్డం ఎప్పటిలాగే సూది వెతుక్కుంటూ వంగాడు, ఈసారి మాత్రం జనం నవ్వలేదు, లేచి నిలబడ్డారు.

వెంటనే వదినకు ఫోన్ చేశాను. పెనుబల్లి వైపు పల్లెల్లో నర్సుగా ఆమెకు పేరు. ఫోన్‌లో వెనక ఏదో చంటిపిల్ల సూది మందుకు ఏడుస్తోంది. విషయం చెబితే, "అయితే నేను సగం దారిల బస్సు దిగి మళ్ళ రావాల్సి ఉండె గదనే!" అని పగలబడి నవ్వింది. ఎర్రుపాలెం మాట ఆమె నోట్లోంచి ఎప్పుడు పోయిందో, అంత దగ్గర ఉన్న నేనే గమనించలేదు.

మా అమ్మాయికి ఇదేమీ పట్టలేదు. గంటసేపు చూసి డ్రానా, పైన రాసే ఉంది గదా, చదువుకుంటే అయిపోయేది అంది. నిజమే. ఇప్పుడు రెండో డిస్కు అంటూ లేదు, ఏదీ సగంలో ఆగదు, ఆగితే కదా నలుగురూ కూర్చుని కొట్లాడుకునేది. జామచెట్టు పోయి అక్కడ గది లేచింది. అన్నయ్య గొడుగు డాబా మీద వెల్లకిలా పడి వడియాలకు పనికొస్తోంది. సమాధుల పండుగకు ఊరికి పోయినప్పుడు నానమ్మ దగ్గర కొవ్వొత్తి వెలిగించి, ఈ సంగతి చెప్పి రావాలి. ఏమంటుందో నాకు తెలుసు. చూసినవా, చుట్టపోన్ని ఓడగొట్టలే, జపానోళ్ళు మర్యాద తెలిసినోళ్ళే, నేనే ఊకె తిట్టిన అంటుంది. ఇన్నేళ్ళు విసుక్కున్న నేను, ఒక్కసారి ఆమె మాటే రైటని ఒప్పుకుందామనుకుంటే, ఎదురుగా కూర్చుని "చెప్పలే?" అని ఎగతాళి చేయడానికి ఆ మనిషి లేదు.