తెరకు అవతలి వైపు ఆ తుపాకి

మా చిన్నప్పుడు... శనివారం సాయంత్రం అయిందంటే గోదావరిఖనిలో మా కాలనీ క్లబ్బు మైదానంలో రెండు గుంజలు పాతి తెల్లటి తెర కట్టేవారు. బొగ్గు గనిలో మొదటి షిఫ్టు దిగినవాళ్ళు స్నానాలు చేసి, చాపలు పట్టుకుని ముందే వచ్చి కూర్చునేవారు. ఆలస్యంగా వచ్చినవాళ్ళకు తెర వెనకే చోటు. వంట ముగించుకుని వచ్చే ఆడవాళ్ళు, వాళ్ళ వెంట వచ్చే పిల్లలు అంతా అటువైపే. బొమ్మ రెండు వైపులా కనిపించేది కదా... ఎవరికీ బాధ లేదు.

ఒక శనివారం ఇంగ్లీషు సినిమా వేశారు. మొదటి రీలు పాడైందట, మధ్యలోంచి మొదలైంది. పేరు తెలియలేదు. మాటలు ఒక్కటీ అర్థం కాలేదు. కానీ హీరో చేతిలో ఒక తుపాకి ఉంది... అలాంటిది అంతకుముందు ఎన్నడూ చూడలేదు. భుజానికి ఆనించే కట్టె లేదు. పొట్టిగా, కాస్త వంకరగా, ఎవరో అతుకు తప్పు పెట్టినట్టు ఉంది. గొట్టం కింద మడత పెట్టిన పిడి ఒకటి. హీరో ఆ పిడిని కిందికి విప్పి వెనక్కి లాగాడు... ఇక మోతే మోత.

నా పక్కనున్న కనకయ్య మామ గట్టిగా నవ్వాడు. బొగ్గు బాయిలో డ్రిల్లరు ఆయన.

"ఏ... గిది మన డ్రిల్లు మిషనే! రెండు చేతులు పెట్టకుంటే ఆగది!"

సగం మైదానం నవ్వింది.

ఆయన బిడ్డ స్వరూప. నా ఈడుదే, వరసకు మరదలు. తెర వెనక వాళ్ళ అవ్వ... అంటే అమ్మ... పక్కన కూర్చుని చూసింది. ఇంటికి నడుస్తుంటే పరుగున వచ్చి మమ్మల్ని కలిసింది.

"సూసినవా బావా? హీరోది గూడ నా లెక్క పుర్రచెయ్యే!"

స్వరూపది ఎడమచేతి వాటం. ఆ చేత్తో అన్నం కలిపితే అవ్వ వేళ్ళ మీద కొట్టేది. బడిలో బలపం కుడిచేతికి మార్పించేవారు.

"కాదు, కుడిచెయ్యే. మంచిగ సూసిన."

"నీ కండ్లు ఖరాబైనయి!"

మామ మధ్యలో కలగజేసుకున్నాడు. "పిచ్చి బిడ్డా, నువ్వు తెర ఎన్క కూసున్నవ్. ఎన్క నుంచి సూస్తే అంత ఉల్టా కనపడ్తది."

స్వరూప మా ముందుకొచ్చి నిలబడింది.

"నా దిక్కు నుంచి సూస్తే మీరే ఎన్క!"

మామ నవ్వి చాప చంక మార్చుకున్నాడు.

మర్నాడు అన్నం దగ్గర అవ్వకూ అదే చెప్పిందట... హీరోది కూడా పుర్రచెయ్యేనని. "గానికి అవ్వ లేదు గావచ్చు. నీకు నేనున్న. చెయ్యి మార్చు," అందట అవ్వ.

ఆ స్వరూపే నా భార్య అయింది. నాకు డిగ్రీ తర్వాత బొగ్గు కంపెనీ ఆఫీసులో ఉద్యోగం, నస్పూర్‌లో క్వార్టరు. తగువు కూడా మాతోపాటే వచ్చింది. టీవీలో ఇంగ్లీషు సినిమా వస్తే చాలు, పొయ్యి మీద కూర వదిలేసి వచ్చేది. సినిమా పేరు తెలియదు, హీరో పేరు తెలియదు... మాకున్న ఆనవాలు ఆ తుపాకి ఒక్కటే. ఎప్పుడో ఒకసారి ఒక విలన్ చేతిలో మెరిసి మాయమైంది. "గదే! గదే!" అని గరిటెతో చూపించింది. కానీ ఆ సినిమా మాది కాదు.

"మన సిన్మా దొర్కనియ్యి బావా," అనేది. "ఒక్కసారి నీ దిక్కు కూసోని సూస్త. కుడిచెయ్యైతే ఒప్పుకుంట. కని నువ్వు గూడ ఒక్కసారి నా దిక్కు కూసోవాలె."

సరే అన్నాను.

దవాఖానలో ఉన్నప్పుడు కూడా అడిగింది, దొరికిందా అని. లేదన్నాను. పోయిన వానాకాలం స్వరూప వెళ్ళిపోయింది.

ఈమధ్య సినిమాల్లో కనిపించే తుపాకులన్నిటినీ ఒకచోట చేర్చిన వెబ్‌సైటు కంటపడింది. బొమ్మలు జరుపుతూ పోయాను. అదిగో... ఆ వంకర ఒళ్ళు, ఆ మడత పిడి. పేరు జాటీ-మాటిక్. ఫిన్లాండులో చేశారట. ఆ వంకర తప్పు కాదట... లోపలి బోల్టు వాలుగా పైకి జారుతుంది, అందుకని పేల్చేటప్పుడు తుపాకి అంతగా ఎగిరిపడదు. ముందు పిడి మడిచి ఉంటే పేలదు, తాళం అదే. విప్పి లాగితే సిద్ధం. సైన్యాలు పెద్దగా కొనలేదు, చాలా కొద్దిగానే తయారైంది. దానికి పేరు వచ్చిందంతా తెర మీదే.

కింద అది కనిపించిన సినిమాలు. ఎక్కువేమీ లేవు. ఒకదాని బొమ్మ దగ్గర ఆగిపోయాను. ఆ పొగ, ఆ గోడ, ఆ హీరో... మా సినిమా.

ఆదివారం మధ్యాహ్నం లాప్‌టాప్‌లో పెట్టుకుని చూశాను. మొదటి రీలు కూడా ఉంది. ఆ మనిషికి అంత కోపం ఎందుకో ఇన్నేళ్ళకు తెలిసింది.

తుపాకి వచ్చింది. పిడి విప్పాడు, లాగాడు, పేల్చాడు. కుడిచెయ్యే.

నేను గెలిచాను. ఒప్పుకోవలసిన మనిషి లేదు.

నేను ఇచ్చిన మాట ఒకటి మిగిలింది. స్వరూప జడ వేసుకునే బీరువా అద్దం ముందు లాప్‌టాప్ పెట్టి, తెరను అద్దం వైపు తిప్పాను. దాని వెనక, నేల మీద, అద్దానికి ఎదురుగా కూర్చున్నాను. సినిమా మళ్ళీ వేశాను.

అద్దంలో హీరో పిడి విప్పాడు. లాగాడు.

పుర్రచెయ్యి.

ఆ సినిమాను అటువైపు నుంచి కూడా చివరిదాకా చూశాను.

ఇప్పుడు ఎవరి ఫోనులో వాళ్ళు చూసుకుంటున్నాం... ఈ తెరలకు వెనక వైపే లేదు, అటు కూర్చుని కాదనే మనిషీ లేదు. మీలో తెర వెనక కూర్చుని సినిమా చూసినవాళ్ళు ఉంటే చెప్పండి... మీ హీరోది ఏ చెయ్యి?