ఎల్యాస్ తెడ్డు

పీపాలోకి వదిలే ముందు ప్రతి కొయ్యచేపకూ ఓయివా ఒకటే పని చేసేవాడు. బొటనవేలు నాలుకకు తాకించి, ఆ తడిని చేప కడుపు మీద తోక నుంచి ముక్కు దాకా ఒక్కసారి రాసేవాడు. తర్వాత వేళ్ళు విప్పేవాడు. ఉమ్మి తగలని కొయ్యచేపను నదిలో ట్రౌట్ చేప నమ్మదని వాళ్ళ నాన్న అనేవాడు. నాన్న పోయాడు. మాట మిగిలింది.

ఫిన్లండ్ ఉత్తరపు అడవిలో, నది వంపు తిరిగే చోట అతని ఇల్లు. ఇంటి పక్కన ఆవిరిస్నానానికి ఆవిరిగది, దాని ముందరి గదిలో కిటికీ కింద పనిబల్ల. ఆస్పెన్ చెట్టు చెక్కను చీల్చి, రెండు చలికాలాలు ఆవిరిగది అటక మీద ఎండబెట్టి, గాలానికి ఎరగా వేలెడంత చేపను చెక్కేవాడు. కడుపులో సీసం దిగేసేవాడు. కాఫీ డబ్బా రేకు కత్తిరించి గడ్డం కింద నాలుకలా బిగించేవాడు. ముక్కుకు తీగ. చివరగా కళ్ళు. బయట వాననీటి పీపాలో పుల్లకు దారం కట్టి లాగి చూసేవాడు. ఎడమకు పోతే ముక్కుతీగను వెంట్రుకవాసి కుడికి వంచేవాడు. తిన్నగా పోయేదాకా దానికి కళ్ళు పెట్టేవాడు కాదు.

పెళ్ళి చేసుకోలేదు. యుద్ధంలో ఒక చెవి పోయింది. మాట తక్కువ. ఇద్దరి తరఫునా తమ్ముడు ఎల్యాసే మాట్లాడేవాడు. అన్న చెక్కితే తమ్ముడు వాటితో చేపలు పట్టేవాడు.

నాలుగేళ్ళ కిందట, మంచు కరిగి నది పొంగిన రోజుల్లో ఎల్యాస్ ఒక్కడే పడవ తీసుకుని వెళ్ళాడు. జలపాతం దిగువన పడవ బోర్లా దొరికింది. మరుసటి వసంతంలో ఒక తెడ్డు ఒడ్డుకొచ్చింది. మనిషి రాలేదు. పడవ దొరికిన ఏడే ఊళ్ళో మగవాళ్ళంతా జలపాతం కింద ఇనుప కొక్కేలతో గాలించారు. నది గడ్డ కట్టే దాకా గాలించి మానేశారు. పాదిరి ప్రార్థన చదివాడు. చర్చి దొడ్లో ఒక శిలువ పాతారు. ఎల్యాస్ భార్య సైమి దానికి ఒక్క పువ్వూ పెట్టలేదు. "ఖాళీ నేలకు పూలెందుకు?" అంది. ఆరోజు నుంచి ఆమె ఇంటి తలుపుకు గడియ పడలేదు. సంతాపపు నల్లబట్టా కట్టలేదు. ఆమెది విధవ బతుకో, ఎదురుచూసే బతుకో చెప్పగలిగినవాళ్ళు లేరు.

నీట పోయినవాడి తెడ్డు ఒడ్డుకొస్తే గోడకు నిలువుగా ఆనించి ఉంచాలి. మనిషి దొరికేదాకా దాన్ని పడుకోబెట్టకూడదు, కాల్చకూడదు, కొయ్యకూడదు. ఆ నది వెంబడి అందరికీ తెలిసిన సంగతి. ఎల్యాస్ తెడ్డు ఆవిరిగది గోడకు నిలబడి ఉండేది.

నాలుగో ఏడు అటక కప్పు కారి ఆస్పెన్ చెక్కంతా బూజు పట్టింది. తెడ్డూ ఆస్పెనే. ముడి లేని చెక్క. నీళ్ళు తాగి, ఎండ తాగి ఎముకలా తేలికైంది. ఓయివా అటూ ఇటూ పోతూ దాన్ని చూసేవాడు. తమ్ముడి తెడ్డును కాదు, చెక్కను చూసేవాడు. చెక్కేవాడి కన్ను అంతే. ఒక మధ్యాహ్నం వేలి కణుపుతో కొట్టి చూశాడు. అది మోగింది. మోగిన సంగతి చచ్చిన చెవికి తెలిసింది. ఎందుకలా వినిపించిందని ఆగి ఆలోచించాల్సింది. ఆలోచించలేదు. వెడల్పు భాగం కోసుకుని, మిగిలిన కాడను మళ్ళీ గోడకు ఆనించాడు. నిలువుగానే ఉందిగా అనుకున్నాడు.

ఆ చెక్కతో చేసిన మొదటి చేపకు కళ్ళు పెట్టి, పక్కింటి తైస్తోకు ఇచ్చాడు.

వారం తిరక్కుండానే తైస్తో వచ్చి బల్ల ముందు కూలబడ్డాడు. ఓయివా కాఫీ పోశాడు. తైస్తో పళ్ళ మధ్య చక్కెర బిళ్ళ ఇరికించుకుని, కాఫీ సాసర్లోకి ఒంపుకుని జుర్రాడు.

"ఒరే చెవిటోడా, నీ చేప తాగుబోతురా."

"పీపాలో తిన్నగానే పోయింది."

"పీపాలో అయితే నేనూ తిన్నగానే పోతాను. విను. ఎగువకు తెడ్డేస్తుంటే ఎడమకు లాగింది. సరే, ముక్కుతీగ వంచుకున్నా. దిగువకు తిరిగా. కుడికి లాగింది."

ఓయివా చేతిలో కత్తి ఆగింది.

"రెండుసార్లూ ఒకే ఒడ్డుకు. అదే, ఆల్డర్ చెట్ల ఒడ్డు. వేళ్ళ కింద నీళ్ళు నల్లగా ఉంటాయే, అక్కడికి. నేనెప్పుడూ గాలం వేయను అక్కడ. ఏం చెక్కరా ఇది?"

"ఆస్పెన్."

"ఆస్పెనని నాకూ తెలుసులే. ఎక్కడిదీ అని."

తైస్తో చూపు తెరిచిన తలుపులోంచి గోడ మీదికి పోయింది. అక్కడ తెడ్డు ఉండాల్సిన చోట కర్ర ఉంది. అతను సాసరు కింద పెట్టాడు.

"అన్న చేతులేనా ఇవి?"

"నిలువుగానే ఉంచాను."

"నిలువుగా ఉంచాడట! తల నరికి మొండాన్ని నిలబెట్టాడు." తైస్తో గొంతు తగ్గించాడు. "నది ఊరికే ఇవ్వదు ఓయివా. ఒకణ్ణి ఇస్తే ఒకణ్ణి అడుగుతుంది. మా అమ్మమ్మ ఒట్టేసి చెప్పేది."

జేబులోంచి కొయ్యచేపను తీసి బల్ల మీద పెట్టాడు. చేతులు పంట్లాముకు తుడుచుకుని వెళ్ళిపోయాడు. కాఫీ సగం మిగిలింది.

ఆరోజు గాలి లేదు. దోమలు కూడా ఒకేచోట నిలబడి మూలిగాయి. ఓయివా ఆ చేపనూ, ఇంకా కళ్ళు పెట్టని తక్కినవాటినీ పీపా దగ్గరికి తెచ్చాడు. ఒక్కొక్కదానికీ ఉమ్మి రాసి నీళ్ళలో వదిలాడు. దారం కట్టలేదు. అవి కాసేపు ఎటు పడితే అటు తేలాయి. తర్వాత తిరిగాయి. నిదానంగా, నిద్దట్లో మనిషి పక్కకు ఒత్తిగిలినట్టు. ముక్కులన్నీ ఒకే వైపుకు వచ్చి ఆగాయి.

వేలితో చెదరగొట్టాడు. మళ్ళీ తిరిగాయి. పీపానే పట్టుకుని మెలితిప్పాడు. నీళ్ళు తొణికి సర్దుకున్నాయి. చేపలు మళ్ళీ తిరిగాయి. వాటి ముక్కుల వెంట చూపు సాగదీస్తే బర్చ్ చెట్లు, పచ్చిక, నది, అవతల ఆల్డర్ ఒడ్డు. అది జలపాతానికి ఎగువ. అక్కడ ఎవరూ గాలించలేదు.

వెనక పాలచెంబు చప్పుడైంది. సైమి నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచో.

"బావగారూ, అది ఆయన తెడ్డు కదూ?"

"అవునమ్మా. కోశాను."

ఆమె కేకలు వేస్తుందనుకున్నాడు. వేస్తే బాగుండుననుకున్నాడు. ఆమె చెంబు దించి, చెయ్యి మోచేతి దాకా నీళ్ళలో పెట్టి, చారు కలిపినట్టు కలిపింది. చేపలు సుడి తిరిగి, నెమ్మదించి, ఒక్కొక్కటే ముక్కు సరిచేసుకున్నాయి.

"మంచి పని చేశారు," అంది. "మూడేళ్ళుగా నోరు లేకుండా నిలబెట్టి ఉంచాం. పడవ తీయండి."

కళ్ళు పెట్టిన చేపనే ఓయివా తీసుకున్నాడు. దాని గాలపు ముళ్ళను పటకారుతో పీకేశాడు. సైమి పడవ ముందు కూర్చుంది. అతను నది మధ్యకు తెడ్డేసి, దారం వదిలాడు. ప్రవాహం దిగువకు లాగుతోంది. దారం మాత్రం అడ్డంగా బిగిసింది, అవతలి కొసను ఎవరో పట్టుకున్నట్టు. అతను దారం వెంట పోయాడు. ఆల్డర్ వేళ్ళ కింద, నల్లటి నీళ్ళ మీద చేప ఆగింది. అక్కడ ప్రవాహం ఉంది. అయినా కదల్లేదు.

ఇనుప కొక్కెం దించాడు. రెండోసారికి తగిలింది. మెల్లగా, చెట్టువేళ్ళు తెగకుండా లాగాడు. మొదట రబ్బరు బూటు వచ్చింది. మడమ దగ్గర ఎర్రటి మాసిక.

"నేను వేసిందే," అంది సైమి. "లాగండి. వదలకండి."

పాదిరి మళ్ళీ వచ్చాడు. ఈసారి పెట్టెలో మనిషి ఉన్నాడు. సైమి నల్లబట్ట కట్టింది, కాఫీ కాచింది, రొట్టె కోసి అందరికీ పెట్టింది. తైస్తో కూడా వచ్చి పెట్టె మోశాడు. మిగిలిన తెడ్డు కాడను పెట్టెలో తమ్ముడి పక్కన పెట్టింది ఓయివానే. ఇక దాన్ని పడుకోబెట్టొచ్చు. ఆ సాయంత్రం సైమి ఇంట్లో గడియ పడిన చప్పుడు అతనికి పెరడు అవతలి నుంచి వినిపించింది. ఏ చెవికో అతనికి తెలియలేదు.

తెల్లారి అతను పీపా దగ్గరికి పోయాడు. సన్నగా గాలి వీస్తోంది. కొయ్యచేపలు గాలికి అటొకటి ఇటొకటి తేలుతున్నాయి, చెక్క ముక్కల్లాగే. ఊపిరి వదిలాడు. ఇక వీటికీ కళ్ళు పెట్టొచ్చనుకున్నాడు. జేబులో ఉండిపోయిన తైస్తో చేపను తీసి, బొటనవేలు తడి చేసుకుని, కడుపు మీద రాసి, వదిలాడు.

అది తిరిగింది. నిదానంగా. నది వైపు కాదు. ముక్కు అతని వైపు పెట్టి ఆగింది.

అతను ఎడమకు అడుగేశాడు. చేప ఎడమకు తిరిగింది. పీపా చుట్టూ పూర్తిగా ఒక చుట్టు నడిచాడు. తను పెట్టిన కళ్ళు తన వెంటే వచ్చాయి.

తైస్తో అమ్మమ్మ మాట గుర్తొచ్చింది. ఓయివా దాన్ని బయటికి తీయలేదు. నేరుగా నది ఒడ్డుకు పోయాడు. పడవను పచ్చిక మీదికి, ఆవిరిగది గోడ దాకా ఈడ్చాడు. చలికాలానికి తప్ప ఆ నది మీద ఎవరూ చెయ్యని పని నడివేసవిలో చేశాడు. పడవను బోర్లించి, తన తెడ్లు రెండూ దాని కిందికి తోసి, పైన రాళ్ళు పెట్టాడు.