అలివి వలలో వచ్చిన బొమ్మ

దెయ్యాలను నమ్మేవాడు నేను చేసిన పని చెయ్యలేడు. నాకు అన్నం పెట్టిందే దెయ్యాలు. వెదురు దబ్బలు, పాత కాగితాలు, చింతగింజల గంజి. వీటితో భూతాలను చేసి, కళ్ళల్లో బల్బులు పెట్టి, ఎగ్జిబిషన్లలో జనాన్ని జడిపించి, ఆ తర్వాత నవ్వించి పంపేవాళ్ళం. లోపల గడ్డి ఉందని తెలిసినవాడికి భయమెక్కడిది? అందుకే ఈ సంగతి ఎవరికైనా చెప్పాలంటే నాకు ఇప్పటికీ మొహమాటంగా ఉంటుంది.

నా పేరు మస్తాన్. మాది నెల్లూరు. మా నాయన పీర్ల పండక్కి వెదురుతో, కాగితంతో తాబూతులు కట్టేవాడు, పెళ్ళిళ్ళకు కాగితం పూల పందిళ్ళు వేసేవాడు. నేను ఆ చేతిపనినే కొంచెం అల్లరి వైపు తిప్పాను. బోర్డులు రాసే చెంగయ్య నాకు తోడు. నాకంటే పెద్దవాడు, అన్నా అని పిలిచేవాణ్ణి.

ఒక టీపొడి కంపెనీకి మనిషెత్తు టీ కూజా చేశాం. లోపల మనిషి నిలబడి నడుస్తాడు, తొండంలోంచి నిజం టీ పోస్తాడు. అల్లూరు బజారులో దాని వెనక ఊరంతా నడిచింది. టూరింగ్ టాకీసు వాళ్ళకు బండి మీద ఏనుగు తలకాయ చేసిచ్చాం. అది తొండమెత్తి కొత్త సినిమా కరపత్రాలు చల్లేది. సబ్బు కంపెనీకి నురగ కక్కుతూ నడిచే సబ్బుబిళ్ళ. ఇలాంటివే మా పనులు. నవ్వించి బతికేవాళ్ళం.

పందొమ్మిది వందల అరవై దాటిన కొత్తలో మద్రాసు నుంచి ఒక సినిమా కంపెనీ సముద్రం ఒడ్డు సీన్లు తియ్యడానికి వచ్చింది. కోట అనే ఊరికి అవతల, బెస్తవాళ్ళు ఉండే ఒక పట్టపుపాళెంలో మకాం పెట్టారు. కథలో హీరోయిన్ పడవలోంచి సముద్రంలోకి దూకుతుంది. ఆమెను నిజంగా దూకించలేరు గనక ఒక బొమ్మ కావాలి. మా ఏనుగును చూసిన వాళ్ళెవరో మా పేరు చెప్పారట. చెంగయ్యా నేనూ సామాను ఎద్దులబండి మీద వేసుకుని పోయాం.

బొమ్మకు మొహం అవసరం లేదని కంపెనీ మేనేజరు ముందే చెప్పాడు. కెమెరా దూరంగా ఉంటుంది, చీర, జుట్టు, చేతులు కనిపిస్తే చాలు. కానీ బోసి మొహాన్ని వదిలిపెట్టడం నా చేతికి అలవాటు లేదు. ఊరికే ఒక ఆడపిల్ల మొహం చేశాను. ఎవరినీ మనసులో పెట్టుకోలేదు. పాళెంలో అప్పటికి నాకు తెలిసిన ఆడమనిషి ఒక్కరూ లేరు.

ఆరేటప్పుడు ఎడమ కనుబొమ దగ్గర కాగితం బుడగలా ఉబ్బింది. గీకేశాను. అక్కడ చిన్న గంటు మిగిలింది. రంగు వేసేటప్పుడు ఆ గంటును వదిలి, కనుబొమను రెండు ముక్కలుగా గీశాను. అలా బాగుందనిపించింది, అంతే.

చేతులు మాత్రం జాగ్రత్తగా చేశాను. అలల పైన చెయ్యి కనపడాలని డైరెక్టరు అడిగాడు. అందుకని ఐదు వేళ్ళూ బార్లా చాపినట్టు, ఒక్కో వేలికి ఒక్కో వెదురు పుల్ల పెట్టి, గుడ్డ చుట్టి, కాగితం అతికించాను. అలాంటి వేలును వంచితే విరుగుతుంది. ముడుచుకోదు. ఇది గుర్తుపెట్టుకోండి.

సీను తీసే రోజు పొద్దున బొమ్మను తాటాకు పందిరి కింద పడుకోబెట్టాం. షూటింగు చూడటానికి పాళెం ఆడవాళ్ళు గుంపుగా వచ్చారు. అందులో పోలమ్మ అనే ఆమె నెత్తిన చేపలగంప ఉంది. బొమ్మ దగ్గరికి వచ్చి ఆగిపోయింది. గంప దించింది. ఇసకలో కూలబడి, బొమ్మ చెంప మీది ఇసకను కొంగుతో తుడిచింది.

"ఏందే మంగా, ఇట్ట పండుకోనుండావు? ఎప్పుడొచ్చినావే?" అంది.

నాకు ముందు నవ్వొచ్చింది. మా బొమ్మలను చూసి జనం మోసపోవడం మాకు కొత్త కాదు, అదే మాకు మెప్పు. కానీ ఆమె చెయ్యి బొమ్మ మెడ కిందికి పోయింది, కాగితం తగిలింది. చెయ్యి వెనక్కి లాక్కుని నా వైపు చూసింది.

"ఎవురయ్యా దీన్ని చేసింది?"

"నేనేనమ్మా."

"మా మంగను యాడ చూసినావు సాయిబూ?"

నేను ఏ మంగనూ చూడలేదని చెప్పాను. మంగ ఆమె కూతురు. ఏడాది కిందట సూళ్ళూరుపేట వైపు, పులికాటు సరస్సు దగ్గరి పాళెంలో ఇచ్చారు. అప్పటి నుంచి ఇక్కడికి రాలేదు. చిన్నప్పుడు పడవ లంగరు తగిలి ఎడమ కనుబొమ చీలిందట. మిగతా ఆడవాళ్ళు కూడా దగ్గరికి వచ్చి చూశారు. ఒక్కరూ నవ్వలేదు. "మంగే" అని ఒకామె అంటే మిగిలిన వాళ్ళు తలలూపారు.

పోలమ్మ నా రెండు చేతులూ పట్టుకుంది. "దీన్ని నీళ్ళల్లో ఎయ్యబాకండయ్యా. నీకు పుణ్యముంటాది."

నేను మేనేజరు దగ్గరికి పోయి ఇంకో బొమ్మ చేస్తాను, రెండు రోజులు ఆగమన్నాను. ఎండ బాగుంది, సముద్రం అనుకూలంగా ఉంది, కాగితం బొమ్మకు ఇంత గొడవేమిటన్నాడు ఆయన. ఆయన కూడా చెడ్డవాడేం కాదు. ఆ స్థానంలో ఎవరైనా అదే అనేవాళ్ళు. నేను చెయ్యగలిగింది ఒక్కటే చేశాను. కుంచె తెచ్చి, పోలమ్మ చూస్తుండగానే, ఆ గంటును నల్లరంగుతో పూడ్చి కనుబొమను ఒక్కటి చేశాను. ఆమె లేచి, గంప అక్కడే వదిలేసి ఇంటికి పోయింది.

బొమ్మ నడుముకు పాళెం మనుషులే మోకు కట్టారు. సీను అయ్యాక లాగి, మళ్ళీ వాడుకోవాలని ఏర్పాటు. అలలు దాటాక పడవలోంచి తోశారు. బొమ్మ ఒకసారి మునిగి తేలింది, చెయ్యి పైకి లేచింది. డైరెక్టరు చప్పట్లు కొట్టాడు. మోకు లాగితే ఒట్టి మోకు వచ్చింది. ముడి ముడిగానే ఉంది, చుట్టు చుట్టుగానే ఉంది. బొమ్మ లేదు. నడుము మీంచి జారిపోయి ఉంటుందనుకున్నాం. ఇప్పటికీ అదే అనుకుంటాను.

మర్నాడు మంగ మరిది తీరం వెంబడి వచ్చాడు. అతని మొహం చూడగానే పాళెం మొత్తానికి తెలిసిపోయింది.

కట్టెల కోసం దీవికి పోయిన ఆడవాళ్ళ పడవ గాలికి తిరగబడింది. మేము బొమ్మను సముద్రంలో వేసిన ఆ పొద్దుటే. మిగతా వాళ్ళను ఎవరో ఒకరు పట్టుకుని బయటికి లాగారు. మంగ మాత్రం పడవ తాడును కుడిచేత్తో పట్టుకుని వదల్లేదు. వదలమని ఒడ్డు నుంచి అరిచారట. సరస్సు సముద్రంలో కలిసే చోట నీళ్ళ ఉరవడికి పడవ సముద్రంలోకి కొట్టుకుపోయింది. పడవ దొరికింది. పిల్ల దొరకలేదు.

పోలమ్మ ఇంట్లోంచి ఏడుపు వినిపిస్తూనే ఉంది. చెంగయ్య సామాను సర్దడం మొదలుపెట్టాడు.

"పా మస్తానూ. మనం ఇంక ఈడ ఉండకూడదు. వాళ్ళు ఏమన్నా అన్నా పడాల, కొట్టినా పడాల."

నేను కదల్లేదు. ఇప్పుడు పోతే ఏదో చేసి పారిపోయినట్టుంటుందని చెప్పాను. నిజానికి పాళెంలో నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. నేను ఎదురైతే పక్కకు జరిగి దారి ఇచ్చేవాళ్ళు. తిట్టినా అంతకంటే తేలిగ్గా ఉండేది.

మంగ కోసం అటు నుంచి ఇటు దాకా తీరమంతా వెతికారు. శవం దొరికితే గదా మట్టి చేసేది? పోలమ్మ రోజూ పొద్దున్నే నీళ్ళ అంచున కూర్చునేది. ఎవరు అన్నం తెచ్చినా ముట్టేది కాదు.

కొన్నాళ్ళకు, ఎండెక్కాక, ఒడ్డు నుంచి అలివి వల లాగుతున్నారు. అంటే వలను సముద్రంలో చుట్టి వేసి, రెండు వైపులా మనుషులు నిలబడి ఒడ్డుకు లాగే పెద్ద వల. వల బరువుగా ఉందని ఇంకొంతమందిని పిలిచారు. చెంగయ్యా నేనూ కూడా ఒక చెయ్యి వేశాం. చేపల నడుమ చీర కనపడింది. సినిమా కంపెనీ చీర.

లాగుతున్న వాళ్ళందరూ ఒక్కసారిగా నిలబడిపోయారు. ఆ తర్వాత పోలమ్మ నడిచి వచ్చి బొమ్మ తలను ఒళ్ళో పెట్టుకుంది.

మేనేజరు పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఆ సీను మళ్ళీ తియ్యాల్సి ఉందట, బొమ్మ కావాలి. "అది మా సొత్తు. ఎండబెట్టి రంగు వేస్తే సరిపోతుంది" అన్నాడు. పాళెం మనుషులు బొమ్మ చుట్టూ నిలబడ్డారు. ఎవరి చేతిలో ఏముందో నేను చూస్తూనే ఉన్నాను. తెడ్లున్నాయి, కత్తులున్నాయి. మేనేజరు నన్ను ముందుకు తోశాడు. "నువ్వు చేసిందే గదా, వీళ్ళకు చెప్పు. కాగితమని చెప్పు."

పాళెం పెద్ద కూడా నన్నే అడిగాడు. "చూసి చెప్పు సాయిబూ. ఇది నీ చేతి పనేనా? నువ్వు అవునంటే ఇచ్చేస్తాం."

నేను మోకాళ్ళ మీద కూర్చుని చూశాను. ఏం చూశానో ఉన్నదున్నట్టు చెబుతాను.

నేను వేసింది పలచటి వార్నీషు. ఆ గంజి, ఆ కాగితం ఒక పూట ఉప్పునీళ్ళలో ఉంటే ముద్దయిపోవాలి. మొహం చెక్కుచెదరలేదు. నేను పూడ్చిన నల్లరంగు పోయింది, కనుబొమ మళ్ళీ రెండు ముక్కలుగా ఉంది. రంగు నీళ్ళకు పోయి ఉండవచ్చు, అది పెద్ద విషయం కాదు. మకాం నుంచి ఒడ్డుకు నేను ఒక్కణ్ణే చంకలో పెట్టుకుని తెచ్చిన బొమ్మ అది. ఇప్పుడు భుజం కింద చెయ్యి పెట్టి లేపబోతే లేవలేదు. గడ్డి నీళ్ళు పీల్చింది అనుకోండి.

కుడిచెయ్యి మూసుకుని ఉంది.

పిడికిలి. ఏదో గట్టిగా పట్టుకున్నట్టు. నేను వేళ్ళ మీద చెయ్యి పెట్టి తడిమాను. ఎక్కడా విరగలేదు, ఎక్కడా కాగితం చిట్లలేదు. తెరవాలని చూశాను. పోలమ్మ నా మణికట్టు పట్టుకుని ఆపింది. "వొద్దు నాయనా. పట్టుకోనీ."

నేను లేచి మేనేజరుతో అన్నాను: "ఇది నేను చేసింది కాదు సార్."

ఆ మాట అబద్ధమో నిజమో నాకు ఇవాళ్టికీ తెలియదు. ఆయన నన్ను నానా మాటలూ అని, ఆ సాయంత్రమే మమ్మల్ని పంపించేస్తున్నానన్నాడు. పనిపోతే పోయింది.

దాన్ని పాడె మీద పెట్టి, పసుపూ కుంకుమా పెట్టి, సరుగుడు చెట్ల అవతల పూడ్చారు. మావాళ్ళలో ముక్కూమొహం తెలియని శవానికైనా భుజం పట్టడం పుణ్యం. నేనూ ఒక కొమ్ము పట్టాను. బతుకులో చాలామందిని మోశాను, మా నాయనతో సహా. ఆ బరువు ఏమిటో నా భుజానికి తెలుసు. అది తడిసిన గడ్డి బరువు కాదు. చెంగయ్య వెనక కొమ్ము పట్టాడు. తర్వాత ఎప్పుడు ఈ ప్రస్తావన తెచ్చినా లేచి బయటికి పోయేవాడు.

ఆ సినిమా పూర్తి కాలేదు. అలా మధ్యలో ఆగిపోయినవి ఆ రోజుల్లో చాలా ఉండేవి. ఆ సీను ఏ పెట్టెలో ఉందో, అసలు ఉందో లేదో.

రెండేళ్ళ తర్వాత పోలమ్మ నెల్లూరులో మా షెడ్డు వెతుక్కుంటూ వచ్చింది. మేము అప్పుడు సర్కసు వాళ్ళకు పెద్ద జోకరు తల చేస్తున్నాం. ఆమె దాని పక్కన కూర్చుని మంచినీళ్ళు అడిగి తాగింది.

"పిల్ల మొహం మరుపుకొస్తా ఉండాది సాయిబూ. ఫోటో తీయించింది లేదు. నువ్వు చేసినావు గదా, ఇంకోసారి చేసియ్యి."

చెయ్యాలని కూర్చున్నాను. నా చేతులు అవే, కాగితం అదే, గంజి అదే. చిత్రమేమిటంటే ఒక్క పోలిక కూడా రాలేదు. కనుబొమ చీల్చినా రాలేదు. ఆమె నెల్లూరులో ఎరిగినవాళ్ళ ఇంట్లో దిగి రోజూ వచ్చేది. నేను చేసింది చేతిలోకి తీసుకుని, ఎండ వైపు తిప్పి చూసి, "ఇది గాదు" అని పక్కన పెట్టేది. చివరికి నేనే చేతులెత్తేశాను. నాకు రావడం లేదమ్మా, ఆ రోజు ఎలా వచ్చిందో తెలియదన్నాను.

"నువ్వేం జేస్తావులే. అప్పుడు అదే నీ చేత చేయించుకునింది" అంది.

అని, పక్కన పెట్టిన వాటిలోంచి ఒక మొహాన్ని ఏరుకుని, గంపలో గుడ్డ పరిచి దాని మీద పెట్టుకుంది. అది మంగ కాదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

"దీన్నే కొండబోతా. చూడంగా చూడంగా అదే అయిపోద్ది."

కోట బస్సు ఎక్కించి వచ్చాను. ఎవరైనా పెద్ద చదువులు చదివినవాళ్ళు కలిస్తే ఆ చేతి సంగతి అడుగుతుంటాను. వెదురు తడిస్తే వంగుతుందంటారు. వంగుతుంది, నిజమే. నేను నలభై ఏళ్ళు వెదురు వంచాను. పిడికిలి బిగించడం మాత్రం ఎప్పుడూ చూడలేదు.