ఐసుప్రూటు పెట్టెకొచ్చిన పేరు

నా జీవితం మొత్తంలో అచ్చయిన పరిశోధన వ్యాసాలు మూడు. మూడూ మేక మెదడు మీదే. ఈ మాట ఎవరితో అన్నా ముందు నవ్వుతారు, తర్వాత కూర ఎట్లా వండాలని అడుగుతారు. అందుకని ఎక్కువ మందితో అనలేదు. ఇప్పుడు పాత డైరీలు సర్దుతుంటే ఆ సంవత్సరాలవి నాలుగు బయటపడ్డాయి. వాటిలో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

డెబ్బైల్లో నేను మదనపల్లెలో జంతుశాస్త్రం లెక్చరర్ని. ఆదివారాలు పరిశోధన. ఒక నరం నుంచి ఇంకో నరానికి కబురు చేరడానికి మధ్యలో ఒక పదార్థం విడుదలవుతుంది. కబురు చేరిన వెంటనే ఆ పదార్థాన్ని విరిచి పారేసే ఎంజైము ఒకటుంది. అది లేకపోతే నరాలు మా స్టాఫ్ మీటింగులాగా చెప్పిందే చెబుతూ కూర్చుంటాయి. ఆ ఎంజైము మెదడులో ఏ భాగంలో ఎంత ఉందో కొలవడం నా పని.

దానికి మెదడు చెక్కుచెదరకుండా దొరకాలి. మదనపల్లెలో మాంసం కొట్టేవాళ్ళు తలకాయను ఒక్క దెబ్బకు రెండు చేసేవాళ్ళు. లోపలిది నుజ్జయిపోయేది. పుంగనూరులో ఒక పెద్దాయన మాత్రం చిన్న ఉలితో చుట్టూ తట్టి, డబ్బా మూత తీసినట్టు పైఎముక తీసేవాడు. అందుకని ఆదివారం తొలి బస్సుకే పుంగనూరు చేరి, ఆయన కొట్టు ముందు వరుసలో నిలబడేవాణ్ణి. లోపలికి పిలిచి నాకే ముందు ఇచ్చేవాడు. అది వెనకున్నవాళ్ళకు నచ్చేది కాదు.

"నా కూతురు కడుపుతో ఉండాది. మెదడు కూర కావాలని మూడు వారాలుగా అడగతాండాది. వచ్చినప్పుడల్లా అయిపోయిందంటావు. ఆ సారుకు మాత్రం యాడనుంచి వస్తాది?" అని ఒకామె ఆయన్ను నిలదీసింది.

"అరే అమ్మా, సారు తినేదానికి కాదు. లెక్కేసేదానికి" అన్నాడాయన.

ఆమె నన్ను కిందికీ పైకీ చూసింది. "అట్లయితే లెక్కేసినాక ఇయ్యమను. మేం తింటాం."

ఆ వారం నేను ఒట్టిచేతులతో తిరిగొచ్చాను. 'నమూనా దొరకలేదు, కారణం న్యాయమైనది' అని డైరీలో ఉంది.

మెదడు దొరికినా మదనపల్లె చేరేదాకా గడ్డకట్టేంత చల్లగా ఉండాలి. గంట ప్రయాణం, ఎండ. దీనికి ఉపాయం చెప్పింది ఐసుప్రూట్లు అమ్మే ఆయన. మదనపల్లె ఐసు ఫ్యాక్టరీలో సరుకు తీసుకుని నేనెక్కే బస్సులోనే పుంగనూరు వచ్చేవాడు. భారీ మనిషి. తన పాత చెక్కపెట్టె ఒకటి నాకిచ్చి, ప్రతి ఆదివారం తనే సర్ది పెట్టేవాడు. అడుగున వరి ఊక, దాని మీద కొట్టిన ఐసు, మధ్యలో నా స్టీలు టిఫిను డబ్బా, చుట్టూ మూడు పిడికిళ్ళ రాళ్ళ ఉప్పు, పైన తడి గోనె.

తిరుగు బస్సులో ఒకసారి మనవరాలిని ఒళ్ళో పెట్టుకున్న ముసలామె నా పెట్టె వైపు చూసి, "ఐసుప్రూటు ఒకటియ్యప్పా, పాప ఏడస్తాండాది" అంది.

"ఇందులో ఐసుప్రూట్లు లేవమ్మా."

"ఐసుప్రూటు పెట్టెలో ఐసుప్రూటు ల్యాకుండా ఏముంటాది?"

అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. "మెదడు" అన్నాను.

ఆమె పాపను కొంచెం అవతలికి జరుపుకుని, గొంతు తగ్గించి, "ఎవరిది?" అని అడిగింది.

ఆ తర్వాత కండక్టరు నన్ను ఎప్పుడూ వెనక సీటులోనే కూర్చోబెట్టాడు.

మొదటి వ్యాసం రాసినప్పుడు ఈ పెట్టె సంగతంతా పూర్తిగా రాశాను. నాకు పరిశోధన నేర్పిన ప్రొఫెసరుగారు అది చదివి, "ఇది సైన్సా, వంటల పుస్తకమా?" అని కొట్టేశారు. నేను మళ్ళీ రాశాను. మన పని ఇంకొకరు చేసి చూడాలంటే పద్ధతి అంతా తెలియాలి కదా అని నా వాదన. పిడికెడు అని రాస్తే కుదరదని, ల్యాబులో పదిసార్లు పిడికిట ఉప్పు తీసి, తూచి, సగటు కట్టి, గ్రాముల్లో రాశాను. ఆయన విసుగొచ్చి వదిలేశారు. వ్యాసం అచ్చయింది. ఒక ప్రతి తీసుకెళ్ళి పుంగనూరులో మాంసం కొట్టాయనకు ఇచ్చాను. ఆయన దాన్ని అన్నం మెతుకులతో గోడకు అంటించుకున్నాడు. నాకు తెలిసి ఆ వ్యాసాన్ని ఎక్కువ మంది చూసింది అక్కడే.

ఎనభైల మొదట్లో నన్ను కుప్పం బదిలీ చేశారు. ఆ కాలేజీలో జంతుశాస్త్రం ల్యాబుకు ఒక ఫ్రిజ్ ఉంది. కాలేజీ మొత్తానికి అదొక్కటే. నా ఆనందం డైరీలో రెండు పేజీలు ఉంది. రాళ్ళ ఉప్పు, ఊక, వెనక సీటు, అన్నింటికీ సెలవు చెప్పాననుకున్నాను.

ఎండాకాలం వచ్చింది. ఒక మధ్యాహ్నం కెమిస్ట్రీ లెక్చరర్ చల్లటి నీళ్ళ కోసం ఫ్రిజ్ తెరిచి, నీళ్ళ సీసా అనుకుని నా గాజు జాడీ ఒకటి బయటికి తీశాడు. ఆ సాయంత్రమే స్టాఫంతా సంతకాలు పెట్టి ప్రిన్సిపాలుకు అర్జీ ఇచ్చారు. ఫ్రిజ్‌ను స్టాఫ్ రూముకు మార్చాలని.

ప్రిన్సిపాలు నన్ను పిలిచారు. స్థానికుడు, పెద్దమనిషి, ఎవరినీ నొప్పించడం ఇష్టంలేనివాడు. "సూడప్పా, పదైదు మంది సల్లనీళ్ళు అడగతాండారు. నువ్వొక్కడివి మెదళ్ళు పెట్టుకుంటానంటాండావు. నీ పరిశోధనతో పని పడినోడు లోకంలో ఒక్కడన్నా ఉండాడా? ఉంటే సూపియ్యి. ఫ్రిజ్ నీకే. లేకుంటే స్టాఫ్ రూముకు. వచ్చే శుక్రవారం మీటింగు."

నా దగ్గర పదకొండు కార్డులున్నాయి. ఆ రోజుల్లో ఎవరైనా మన వ్యాసం కావాలనుకుంటే కార్డు రాసి ప్రతి అడిగేవాళ్ళు. విదేశాల నుంచి నాకు వచ్చినవన్నీ డైరీలో అతికించి పెట్టుకున్నాను. తీసుకెళ్ళి చూపించాను. కెమిస్ట్రీ ఆయన అక్కడే ఉన్నాడు.

"అడిగినోళ్ళందరూ సదివినట్టా సార్? మా తోడల్లుడు ఊర్లో ఉండే క్యాటలాగులన్నీ తెప్పించుకుంటాడు. ఒక్కటన్నా కొన్న పాపాన పోలేదు" అన్నాడు.

ప్రిన్సిపాలు తల ఊపారు. కార్డులు చెల్లలేదు.

బుధవారం సెలవు పెట్టి బెంగళూరు రైలెక్కాను. అక్కడొక పెద్ద లైబ్రరీలో, ఎవరి వ్యాసాన్ని ఎవరు తమ వ్యాసంలో ప్రస్తావించారో ఏడాదికేడాది చూపే లావుపాటి సూచికలు ఉంటాయని విన్నాను. ఉన్నాయి. ఒక్కొక్కటి తిరగలి రాయంత బరువు, అక్షరాలు ఆవగింజలంత. లైబ్రేరియన్ నా అవస్థ చూసి భూతద్దం ఇచ్చాడు. మొదటి ఏడాదిలో నా పేరు లేదు. రెండో ఏడాదిలో లేదు. మూడో ఏడాదిలో కనబడింది. వివరం చూస్తే నన్ను ప్రస్తావించినవాణ్ణి నేనే, నా రెండో వ్యాసంలో.

సాయంత్రం మూసే వేళకు ఇంకొకటి దొరికింది. సముద్రాల అవతలి ఒక వేడి దేశం. ముక్కూమొహం తెలియని మనుషులు. ఆ పత్రిక పై అంతస్తులో ఉందంటే రెండేసి మెట్లు ఎక్కాను. వ్యాసం పన్నెండు పేజీలు. నా ఎంజైము గురించి ఎక్కడా ఒక్క ముక్క లేదు. చివరికి పద్ధతుల భాగంలో ఒక్క వాక్యం దొరికింది. గడ్డకట్టించే యంత్రాలు లేని చోట నమూనాలను ఊక, ఐసు, ఉప్పు నింపిన చెక్కపెట్టెలో, ఫలానావారు చెప్పిన పద్ధతిలో తెచ్చామని. ఆ ఫలానావారు నేను.

ఏడేళ్ళు కొలిచిన ఎంజైమును వదిలేసి పెట్టెను పట్టుకున్నారు! అయినా రుజువు రుజువే. ఆ పేజీని జిరాక్సు తీయించి తెచ్చాను.

శుక్రవారం మీటింగులో ప్రిన్సిపాలు ఆ వాక్యాన్ని పైకి చదివారు. ఒకసారి ఇంగ్లీషులో, ఒకసారి తెలుగులో. "బలే! మన కుప్పం కాలేజీ లెక్చరర్ని పైదేశపోళ్ళు పేరు పెట్టి రాసినారు. మాటంటే మాట. ఇంగ ఫ్రిజ్..."

కెమిస్ట్రీ ఆయన లేచాడు. "ఒక్క నిమిషం సార్. ఫ్రిజ్ ల్యాకుండా మెదడును ఎట్ల కాపాడల్లనో లోకానికే నేర్పించినాడు ఈయన. అచ్చులో ఉండాది. అట్లాంటాయనకు ఫ్రిజ్ యాల సార్? తెలియనోళ్ళం మాకు గదా కావల్ల!"

స్టాఫంతా చప్పట్లు కొట్టారు. సోమవారం ఫ్రిజ్ స్టాఫ్ రూముకు వెళ్ళింది. మోసినవాళ్ళకు వెనకనుంచి చెయ్యి వేసింది నేనే. వాళ్ళు దాన్ని అడ్డంగా పడుకోబెట్టబోతుంటే చూడలేకపోయాను.

మళ్ళీ పెట్టె కావలసి వచ్చింది. ఆదివారం పుంగనూరు వెళ్ళి ఐసుప్రూట్లాయనను వెతికి పట్టుకున్నాను. జరిగింది చెప్పి, జిరాక్సు చూపించి, ఇది నీ పెట్టెకు వచ్చిన పేరే అన్నాను. ఆయనకు పేరు అక్కర్లేదు.

"ఉప్పెంతని రాసినావు సారూ?"

గ్రాములు చెప్పాను. ఆయనకు అర్థం కాలేదు. ఉప్పు సంచిలోంచి పిడికిట తీసి చూపించాను. ఆయన నా చేతికేసి చూసి, నా పిడికిలి పక్కన తన పిడికిలి పెట్టాడు. బత్తాయి పక్కన గుమ్మడికాయ.

"ఇదెక్కడి పిడికెడు సారూ? ఇంతేస్తే ఐసు నీళ్ళయితాది గానీ మెదడు గట్టి కాదు. నేను కదా ఏస్తా ఉండేది? నా చెయ్యి గదా తూచల్ల!"

పదిసార్లు తూచాను, సగటు కట్టాను, కానీ చెయ్యి ఎవరిదన్నది తోచలేదు. ఆ వారమే ఆ దేశానికి క్షమాపణ ఉత్తరం రాశాను. రెండు నెలలకు మర్యాదగా జవాబు వచ్చింది. మీరు చెప్పిన ఉప్పు మొదటి రోజే చాలలేదు, మేము అప్పుడే రెట్టింపు చేసుకున్నాం, పెట్టె మాత్రం అద్భుతం అని.

కొత్త పెట్టెలు రెండు చేయించాను. ఒకటి మెదడుకు, ఒకటి నీళ్ళ సీసాలకు. మే నెలలో కుప్పంలో కరెంటు పొద్దున పోతే సాయంత్రానికి వచ్చేది. స్టాఫ్ రూములో ఫ్రిజ్ బీరువాలా నిలబడి ఉండేది. కోతలు మొదలైన మూడో రోజు నా ల్యాబు గుమ్మంలో కెమిస్ట్రీ ఆయన కనిపించాడు, చేతిలో ఖాళీ గ్లాసుతో.

"ఏం సార్, నీళ్ళు యా పెట్టెలో ఉండాయి?"

"తెరిచి చూసుకోండి" అన్నాను.

ఆయన రెండు పెట్టెల వైపూ చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత గ్లాసు నా బల్ల మీద పెట్టి, "మీరే పొయ్యండి సార్" అని కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.