ఇత్తనం పడేదాంక

మా మామ పోయాడు. ఆరుద్ర కార్తె నడుస్తుండగా ఒక పొద్దున, ముంబై కామాటిపురాలో ఒంటి గదుల వరసలున్న మా చాల్ గ్యాలరీలో స్టూలు మీద కూర్చుని చాయ్ తాగాడు. గ్లాసు కింద పెట్టి గోడకు ఆనుకున్నాడు. మళ్ళీ లేవలేదు. గుండె ఆగిపోయిందని డాక్టర్ అన్నాడు. చూడ్డానికి వచ్చినవాళ్ళు "పుణ్యాత్ముడు, ఎవరినీ కష్టపెట్టకుండా పోయాడు" అన్నారు. ఆ మాట వింటుంటే నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆయన పోయిన సంగతి అందరికంటే ముందు తెలియాల్సిన మనిషికి నేను చెప్పలేదు. దాని గురించి తర్వాత చెబుతాను. ముందు ఆయన ఎలాంటివాడో చెప్పాలి, లేకపోతే నేను చేసిన పని మీకు అర్థం కాదు.

ఆయన మా అమ్మకు అన్న. నా చిన్నప్పుడే నాన్న పోతే, అమ్మనూ నన్నూ తన గదికి తెచ్చుకున్నాడు. అమ్మ పోయాక కూడా నేను అక్కడే ఉండిపోయాను. ఆయనకూ అత్తమ్మకూ పిల్లలు లేరు. మామ మేస్త్రీ. మహబూబ్‌నగర్ పల్లెల నుంచి వచ్చే కూలీలను జట్టు కట్టి బిల్డింగ్ పనులకు తీసుకెళ్ళేవాడు. దీపావళి దాటాక వాళ్ళు వచ్చేవాళ్ళు, మృగశిర ముంగిట్లో వెళ్ళిపోయేవాళ్ళు. మామ మాత్రం ఎక్కడికీ వెళ్ళేవాడు కాదు. ఊళ్ళో ఉన్న కాస్త నేలా తాతల నాడే పోయింది. జన్మలో నాగలి మేడి పట్టని మనిషి వాన గురించి అంతగా పట్టించుకోవడం నేను ఇంకెక్కడా చూడలేదు. "మామా, నీకు గుంట జాగ లేదు, ఎందుకీ తిప్పలు?" అని నేను ఎగతాళి చేసేదాన్ని. నవ్వేవాడు.

పొద్దున్నే కూలీలు పనికోసం నిలబడే కూడలిని ఇక్కడ నాకా అంటారు. అక్కడ కొత్త మొహం కనిపిస్తే మిగతా మేస్త్రీలు "ఏ పని వస్తది?" అని అడిగేవాళ్ళు. మామ అడిగేది ఒకటే. "మీ దిక్కు వానెట్లుంది?" మనవాళ్ళను తెలుగులో, జాల్నా వాళ్ళను మరాఠీలో, బీహార్ వాళ్ళను హిందీలో. సాయంత్రం ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుంటూ, దేశంలోని పంటలన్నీ అత్తమ్మకు అప్పజెప్పేవాడు. జాల్నా దిక్కు సోయా పూత మీద ఎండిందట, బీహార్‌లో వరి నీళ్ళలో మునిగిందట, రాయచూర్ దిక్కు కంది మాత్రం బాగుంది.

"రాయచూర్ సంగతి ఎవలు చెప్పిండ్రు నీకు?" అనేది అత్తమ్మ.

"ఎవలు చెప్పాలె? ఆళ్ళు నాకా మీద అగుపిస్తనే లేరు గద!"

ఆయన లెక్క అదే. ఏ జిల్లా వాళ్ళు నాకా మీద కిక్కిరిస్తే ఆ జిల్లాలో పంట పోయినట్టు. ఏ జిల్లా వాళ్ళు కనిపించకపోతే అక్కడ ఇంటింటా గింజలున్నట్టు.

టీవీలో వాతావరణం వార్తలు వచ్చినప్పుడు ఇంట్లో ఎవరూ దగ్గకూడదు. ముంబైకి భారీ వర్షమని ఆ అమ్మాయి మరాఠీలో చెబుతుంటే "నీ ముంబై సంగతి నాకెందుకే, మాది చెప్పు" అని టీవీని కోప్పడేవాడు. పటంలో పాలమూరు ఎక్కడుంటుందో అక్కడ వేలు పెట్టి చూసేవాడు. చదువు రాదు, కానీ ఆ చోటు మాత్రం తప్పేవాడు కాదు. రోజూ వేలు పెట్టడంతో తెర మీద అక్కడే మరక పడేది, అత్తమ్మ కొంగుతో తుడుస్తూ తిట్టేది. జూన్‌లో మాకు మొదటి వాన కురిసి చాల్ పిల్లలందరూ కింద తడుస్తూ అరుస్తుంటే, గ్యాలరీలో నిలబడి "ఈడ పడితే నీళ్ళు. ఆడ పడితే వాన" అనేవాడు. నాకు పకోడీలు తినాలని ఉండేది. ఆయన మొహం చూస్తే అడగబుద్ధి అయ్యేది కాదు.

మా ఇంటికి ఫ్రిజ్ వచ్చింది ఒక కరువు ఏడాదిలోనే. ఆ ఏడు పాలమూరులో ఒక్క చినుకు సరిగా పడలేదు. దసరా కాకముందే జనం దిగారు. ముసలివాళ్ళు, చంకన పిల్లలతో తల్లులు, ఎడ్లను అమ్ముకుని వచ్చినవాళ్ళు. జట్టు పెద్దదయ్యేకొద్దీ మేస్త్రీకి మిగిలేదీ పెరుగుతుంది. కూలి తక్కువైనా సరే, పని దొరికితే చాలు అనేవాళ్ళు దొరికిన ఏడాది అది. నేను అప్పుడు హైస్కూల్లో ఉన్నాను. ఫ్రిజ్ వచ్చిన రోజు నేను దాని తలుపు తీయడం, వేయడం తప్ప ఇంకో పని చేయలేదు. అత్తమ్మ మటన్ వండింది. మామ ముద్ద కలిపి, కలిపి, పళ్ళెం పక్కకు నెట్టాడు.

"ఆళ్ళ చేను ఎండితెనే మన పొయ్యి మండుతది. ఇదేం బతుకే" అన్నాడు.

"మనం ఎండబెట్టినమా?" అంది అత్తమ్మ.

"ఎండబెట్టలె. ఎండాలని కోరుకోలె. గని తింటున్నం."

ఆ మర్నాటి నుంచి ఫ్రిజ్ నిండా నీళ్ళ సీసాలే. పనినుంచి వచ్చిన వాళ్ళందరికీ చల్లటి నీళ్ళు. నా ఐస్‌క్రీమ్‌కు చోటు లేకుండా పోయిందని నేను వారం రోజులు అలిగాను. నా స్కూలు ఫీజులు, పుస్తకాలు, ఇవాళ గ్రాంట్ రోడ్‌లో పళ్ళ డాక్టర్ దగ్గర ఏసీ గదిలో కూర్చుని చీటీలు రాసే నా ఉద్యోగం, అన్నీ అలాంటి ఏళ్ళు ఇచ్చినవే. ఆ సంగతి చాలా ఆలస్యంగా తలకెక్కింది.

అందుకేనేమో, వాన వస్తే మాత్రం ఆయన ఎవరినీ ఆపేవాడు కాదు. ఒకసారి నాగ్‌పాడాలో స్లాబ్ పోయాల్సి ఉంది. సెంట్రింగ్ అంతా సిద్ధం. సరిగ్గా అప్పుడే పాలమూరులో వాన పడిందని కబురు వచ్చింది. కాంట్రాక్టర్ మా గదికే వచ్చి, చెప్పులు విప్పకుండా గడపలో నిలబడి బతిమాలాడు, బెదిరించాడు. మామ ఒక్క మాట అన్నాడు. "సేఠ్, స్లాబ్ రుకేగా, జమీన్ నహీ రుకేగీ." స్లాబు ఆగుతుంది గానీ నేల ఆగదని. ఆ కాంట్రాక్టర్ మళ్ళీ పని ఇవ్వలేదు. ఆ వానాకాలమంతా మామ ఒక్కడే మిద్దెలెక్కి లీకేజీలు పూడ్చాడు, అత్తమ్మ తట్ట మోసింది. మోస్తున్నంతసేపూ తిడుతూనే మోసింది.

ఏటా జట్టును బస్సెక్కించేటప్పుడు ఆయన ఒక మాట అనేవాడు. మూటలన్నీ పైకెక్కాక కిటికీల దగ్గరకు పోయి, "ఇత్తనం పడేదాంక ఎవలు పిలిచినా రాకుండ్రి. నేను సచ్చినా రాకుండ్రి" అనేవాడు. బస్సంతా నవ్వేది. "నువ్వేడ సస్తవ్ మామా, యముడే నీ నాకా మీద నిలబడ్డడు" అని ఎల్లయ్య అరిచేవాడు.

చెప్పాల్సిన మనిషి ఈ ఎల్లయ్యే. మీసం రాని వయసులో జట్టులోకి వచ్చాడు. మామ దగ్గరే తాపీ పట్టడం నేర్చుకున్నాడు. పెళ్ళికి పెద్దరికం చేసింది మామే. మామకు జ్వరం వస్తే నాకంటే ముందు వాడికి తెలిసేది. "నా తలకొరివి ఎల్లయ్య పెడ్తడు" అని మామ నా ముందే ఎన్నోసార్లు అన్నాడు. నేను నవ్వి ఊరుకునేదాన్ని. లోపల ఎక్కడో గుచ్చుకునేది. కూతురిలా పెరిగింది నేను, కొడుకు మాత్రం వాడు.

పోయిన ఏడు ఎల్లయ్య పత్తి గింజలు పెట్టాక వాన మొహం చాటేసింది. గింజ భూమిలోనే మాడిపోయింది. అప్పు చేసి మళ్ళీ పెట్టాడు, అదీ అంతంత మాత్రమే. ఈ ఏడు మృగశిరంతా ఎండే. ఆరుద్రలో పడింది. మామ పోయిన రోజు పొద్దున్నే ఆయన ఫోన్‌కు ఎల్లయ్య వాయిస్ మెసేజ్ వచ్చింది. "మామా, కొట్టిందే వాన! నేల మస్తు పదునైంది. ఇయ్యాల్నే గింజలు పెడుతున్నం." మామ దాన్ని గ్యాలరీ అంతా వినిపించేలా మళ్ళీ మళ్ళీ పెట్టుకున్నాడు. చాయ్‌లో చక్కెర ఎక్కువ వేయమని అత్తమ్మకు చెప్పాడు. ఆ చాయే చివరిది.

పనికి బయల్దేరిన నన్ను మెట్ల మీద నుంచే వెనక్కి పిలిచారు. ఏడుపుల మధ్య అత్తమ్మ నా చెయ్యి పట్టుకుని, "ఎల్లయ్యకు ఫోన్ చెయ్యి బిడ్డా, లవ్కర్, జల్ది చెయ్యి" అంది. చేస్తానన్నాను. మామ ఫోన్ నా చేతిలోనే ఉంది. చేయలేదు. చేస్తే వాడు గింజల సంచీ గట్టు మీద పారేసి బస్సెక్కుతాడు. రావడం, పోవడం అయ్యేసరికి నేల ఆరిపోతుంది. ఈ ఏడు కూడా పోతే వాడు లేచి నిలబడలేడు. మామ ఏటా చెప్పిన మాట చెవుల్లో ఉంది. ఇవన్నీ నిజమే. కానీ తలకొరివి ఎవరు పెడతారని పెద్దమనుషులు అడిగినప్పుడు "నేనే" అని ఎంత గబుక్కున అన్నానో నాకు గుర్తుంది. అడగడం పూర్తికాకముందే అన్నాను. వాడి మేలు కోరి ఎంత దాచానో, నా కోసం ఎంత దాచానో, విడదీసి చూసే ధైర్యం నాకు లేదు.

పాడె లేపే ముందు అత్తమ్మ మళ్ళీ అడిగింది. "ఎల్లయ్య ఏమన్నడు?"

"ఫోన్ కలుస్తలేదు అత్తమ్మా" అన్నాను. చాల్‌లో మగవాళ్ళు మోశారు. జట్టు వాళ్ళు ఒక్కరూ లేరు, అందరూ చేలల్లో ఉన్నారు. ఏళ్ళ తరబడి అంతమందికి పని చూపించిన మనిషి వెంట, లెక్కపెడితే, ఎక్కువమంది మరాఠీ మాట్లాడే పక్కింటివాళ్ళే నడిచారు.

దశదినం అయ్యాక ఎల్లయ్యకు ఫోన్ చేశాను. గింజలు పెట్టడం అయిపోయిందా అని ముందు అడిగాను. అయిందన్నాడు హుషారుగా, మామకియ్యి అన్నాడు. చెప్పాను. "ఏ దినం?" అన్నాడు. చెప్పాను.

"ఆ దినం ఇత్తనం పడ్డదని మేం కోడి కోసుకున్నం అక్కా" అన్నాడు. "పిల్లలు, నేను, అందరం నవ్వుకుంట తిన్నం."

ఏడుస్తాడనుకున్నాను, తిడతాడనుకున్నాను. రెండూ చేయలేదు. నేను మామ మాట ఎత్తాను. ఇత్తనం పడేదాంక రావద్దని ఆయనే అన్నాడు కదా అన్నాను.

"అన్నడు. నవ్వుకుంట అన్నడు" అన్నాడు ఎల్లయ్య. "ఫోన్ నా జేబులనే ఉండె అక్కా" అని పెట్టేశాడు.

ఆ తర్వాత వాడు ఫోన్ చేయలేదు. నేను చేస్తే ఎత్తడం లేదు. వాడికి కబురు అందిందని, చేను పని కాగానే వస్తాడని అత్తమ్మకు చెప్పి ఊరుకోబెట్టాను. నిన్న మాత్రం ఒక ఫొటో పంపాడు. మాట ఏమీ లేదు. చేను మధ్యలో నిలబడి ఉన్నాడు. మీసం లేదు, నున్నగా గుండు. కళ్ళు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. కాళ్ళ చుట్టూ, గట్టు దాకా, పత్తి మొలకలు రెండేసి ఆకులు విప్పి ఉన్నాయి.

"ఎవలు? ఎల్లయ్యేనా?" అని అత్తమ్మ లేచి వచ్చింది. "మొలిచినయా?"

ఆ గుండు చూస్తే వాడితో మాట్లాడతాను, ఫోన్ చెయ్యి అంటుంది. వాడు మాట్లాడితే జేబులో ఫోన్ సంగతి బయటపడుతుంది. నేను ఫొటోను వేళ్ళతో పెద్దది చేసి, మనిషి పక్కకు పోయేదాకా జరిపి, మొలకలు మాత్రమే కనిపించేలా పట్టుకుని అత్తమ్మకు చూపించాను. ఆమె కళ్ళు చికిలించి చాలాసేపు చూసింది. చూపుడు వేలితో, తెరకు తగిలీ తగలకుండా, ఒక సాలు పొడుగునా, ఆ చివర నుంచి ఈ చివర దాకా, మెల్లగా రాసింది. ఆ వేలు తెర అంచుకు, అంటే ఎల్లయ్య నిలబడ్డ వైపుకు, వస్తుంటే, ఎక్కడ తగిలి ఫొటో జరుగుతుందోనని నేను ఫోన్ గట్టిగా పట్టుకున్నాను.