రత్నమ్మగారు పెట్టిన చుక్క

నేను గీసి, మిత్రులకు నకలు చేసుకోమని ఇస్తున్న ట్రాన్సిస్టర్ రేడియో సర్క్యూట్ పటాన్ని ఈ రోజు తెనాలి నుంచి రేపల్లె పట్టుకెళ్ళాను. అక్కడి రేడియో మెకానిక్ సుబ్బారావుగారికి చూపు మందగించింది. అందుకని ఆయన భార్య రత్నమ్మగారు నకలు గీయడానికి కూర్చున్నారు. పటం మీద రాసిన ఇంగ్లీషు ఆమెకు రాదు. కాసేపటికి తలెత్తి, “అన్నయ్యగారూ, ఈ రెండు తీగలూ కలుస్తున్నాయా, ఊరికే దాటుతున్నాయా? కలిస్తే చుక్క ఉండాలి కదండీ?” అని అడిగారు.

చూస్తే, చుక్క నేనే మర్చిపోయాను. సిగ్గుపడి, ఆమెనే పెట్టమన్నాను.

సుబ్బారావుగారు ఆమె భుజం తడిమి, “చూపు తగ్గిందని నేను దిగులుపడుతుంటే, తను ఇవన్నీ నేర్చేసుకుందండి,” అన్నారు.

ఇదివరకు నా పటం నకలు చేసుకున్న మిత్రులారా, మీ రేడియో ఎందుకు పలకలేదో తెలిసిందిగా! ఆ చుక్క పెట్టి తీగలు కలిపాక పలికితే రత్నమ్మగారికి ఒక కార్డుముక్క రాయండి.