మళ్లా కదిలిన నాయన జీపు

పొద్దున మా దమ్మపేట ఇంటి షెడ్డుల పెట్రోలు వాసన గుప్పుమన్నది. నాయన పాత జీపు స్టార్టయింది!

దోస్తులారా, యాదికున్నదా? టాపు గుడ్డ మడిచేసి, మనల్నందర్నీ ఎనక నిలబెట్టి నాయన భద్రాచలం తీసుకపోయేటోడు. టేకు చెట్ల నడుమ మన నెత్తుల నిండా ఎర్రదుమ్ము, ఎండకు కాలే రెగ్జిన్ సీట్లు, సీటు కింద పులిహోర డబ్బా.

నాయన పోయినంక జీపు తుప్పు పట్టింది. కోళ్లు దాంట్లనే గుడ్లు పెట్టినయ్. "పాత ఇనుపోళ్లకు ఇచ్చెయ్" అన్నరు అందరూ. నేనూ తమ్ముడూ వినలే. కొత్తగూడెంల పాత సామాన్ల దుకాణాలన్నీ తిరిగినం. తమ్ముడు ఇంజన్ విప్పి బిగించిండు, నేను కొత్త టాపు కుట్టిన.

ఇయ్యాల చప్పుడు ఇనంగనే అమ్మ తడి చేతుల్తోనే ఉరికొచ్చింది. స్టీరింగ్ ముందు కూసొని "పక్కన ఎక్కమ్మా" అన్న. అమ్మ నా దిక్కే వచ్చి నిలబడ్డది.

"నువ్వు జరుగు బిడ్డా. నేర్పమని ఎన్నిసార్లడిగినా మీ నాయన నవ్వేటోడు. ఇయ్యాల నేనే నడుపుత."

"క్లచ్ మెల్లగ ఇడువమ్మా" అన్న పక్కకు జరిగి. జీపు ఒక్క ఎగురు ఎగిరి కదిలింది. బజారంతా చూస్తుంటే, హారన్ మీదికెల్లి చెయ్యి తియ్యకుండ ఊరి చివరిదాక నడిపింది మా అమ్మ.